వెండెల్ మోకాళ్ళు

చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషికి లోకం నడుముల దాకానే ఉంటుందని ఆర్లీన్‌కి ఈ రోజే తెలిసింది. బెల్టులు, వెనక జేబుల్లోంచి తొంగిచూసే ఫోన్లు, చెమటకి వీపులకి అతుక్కుపోయిన చొక్కాలు, పిల్లల చేతుల్లో సగం కొరికిన టర్కీ కోడి కాళ్ళు, ఇవే పొద్దుటి నుంచీ ఆమె కళ్ళ ముందు నడిచాయి. ముఖాలు ఎక్కడో పైన ఉండిపోయాయి. మాటలు కూడా పైనే జరిగాయి. నిమ్మరసం అమ్మే అమ్మాయి "ఆవిడకి ఐసు వెయ్యమంటారా" అని కూతురు క్రిస్టాని అడిగింది కానీ, ఆవిడ అక్కడే ఉందని, నోరున్న మనిషేనని అనుకోలేదు. ఆర్లీన్ గ్లాసు అందుకుంది. సరిదిద్దే హక్కు తనకి లేదనిపించింది. ఇప్పుడు సాయంత్రమైంది. ఆ వినోదాల పార్కులో ఊరేగింపు దారి పక్కన, నేల మీద నీలం టేపు అంటించి చక్రాల కుర్చీల కోసం విడిచిపెట్టిన చోట, ముందు వరసలో కూర్చుని ఉంటే ఎదురుగా ఎవరి నడుమూ లేదు. ఊడ్చి పెట్టిన ఖాళీ వీధి, వీధి చివర కోట, కోట వెనక పండిన పీచు పండు రంగు ఆకాశం. జనమంతా టేపు దాకా వచ్చి, గట్టు దగ్గర నీళ్ళు ఆగినట్టు ఆగిపోయారు. వెనక వాళ్ళ గోల వినిపిస్తోంది, మెడ మీద వాళ్ళ వేడి తెలుస్తోంది, కానీ ఒక్కరూ లోపలికి రారు. ఊపిరి హాయిగా ఆడుతోంది. మూడేళ్ళలో ఇంతమంది మధ్య ఇంత హాయిగా ఊపిరి ఆడటం ఇదే మొదటిసారి. ఆ సంగతి తనకి తెలిసిన క్షణంలోనే ఆమె ముఖం చెవుల దాకా వేడెక్కింది.

ఎందుకంటే ఆమె మోకాళ్ళకి ఏమీ లేదు.

కాళ్ళ దగ్గర గట్టు మీద మనవరాలు హ్యాడ్లీ కూర్చుని ఉంది. ఊదారంగు పట్టుగౌను, తల మీద పక్కకి జారిపోయిన కిరీటం, ఒక చేతిలో వెలిగే మంత్రదండం. రెండో చెయ్యి మాత్రం ఆర్లీన్ మోకాలి మీద ఉంది. పొద్దుటి నుంచీ అది అక్కడే. మధ్య మధ్యలో పిల్ల వంగి ఆ మోకాలి మీద ఉఫ్ అని ఊదుతోంది, కాలిన చోట ఊదినట్టు. "పోయిందా అమ్మమ్మా?" అంటుంది. "కొంచెం పోయింది తల్లీ" అంటుంది ఆర్లీన్. ఆరేళ్ళ పిల్ల. ఆ ఊదినప్పుడల్లా మోకాలు చల్లబడటం లేదు, ఛాతీలో ఏదో కాలుతోంది. చెయ్యి తీసేయమనాలి. ఏమని చెప్పి తీసేయమనాలి. ఆ చిన్న చెయ్యి బరువెంత, జామపండంత కూడా ఉండదు, అయినా కాలు కదపలేకపోతోంది, నిజంగానే కుంటిదాన్ని అయిపోయానా అనిపించింది, అలా అయిపోయినా బాగుండేది, అప్పుడు ఇదంతా అబద్ధం కాకుండా పోయేది, ఛ, ఎలాంటి కోరిక ఇది, దేవుడు వింటే.

వెనక కుర్చీ పిడుల మీద అల్లుడు డెరిల్ చేతులు. పైన్ దుంగల లారీ తోలే చేతులు. జార్జియాలోని అల్మా నుంచి ఫ్లోరిడా దాకా బండి నడిపి, రాత్రి సరిగా నిద్రపోకుండా, పొద్దుటి నుంచీ ఈ ఎండలో ఆమెని నెడుతున్నాడు. ఎత్తు వచ్చిన చోటల్లా ఆయాసం వినిపించింది. ఆమె లేచి నడిస్తే ఆ ఆయాసం ఉండదు. నెలల తరబడి ఈ ప్రయాణం గురించి చదివాడు డెరిల్, బైబిలు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండడు. "సూత్రం ఒక్కటే అత్తయ్యా, జనం ఎటు పోతే అటు పోకూడదు" అని దారి పొడుగునా చెప్పాడు. ఊరేగింపు మొదలైతే జనమంతా వీధికి వస్తారు, అప్పుడు కొండ మీంచి దూసుకొచ్చే ఆట రైలు దగ్గర వరస ఉండదు. పటాసుల వేళకి అందరూ కోట ముందుకి చేరతారు, అప్పుడు పార్కు వెనక భాగం ఆదివారం నాటి బడిలా ఖాళీ. చివరి పటాసు పేలితే అందరూ ఒక్కసారే గేటు మీద పడతారు, అందుకే అది పేలకముందే బయటికి తీసుకెళ్ళే పడవ ఎక్కేయాలి. ఇప్పుడు ఆ కొండ రైలు దగ్గర వరస ఉండదని అతనికి తెలుసు. చిన్నప్పటి నుంచీ అది ఎక్కాలని అతనికి ఆశ అనీ ఆమెకి తెలుసు. మధ్యాహ్నం క్రిస్టా "నువ్వు వెళ్ళిరా, నేను అమ్మ దగ్గర ఉంటా" అంటే, "మీ అమ్మని నెట్టడానికి నీకు బలమేదీ, ఈ వీధి ఎత్తు చూశావా" అని నవ్వేశాడు. దుకాణాల వెనక దారి, అంగడి సామాను పెట్టుకునే సందు, నీడ ఉన్న వంతెన, ఏ మరుగుదొడ్డి దగ్గర రద్దీ ఉండదో కూడా చూసి పెట్టుకున్నాడు. ఆమె కోసమే, ఆమె మోకాళ్ళ కోసమే. తెలియకుండానే ఆమెకి నిజంగా ఏది కావాలో సరిగ్గా అదే ఇచ్చాడు. ఆ మాట ఒక్కసారి తల తిప్పి చెప్పగలిగితే ఎంత బాగుండును.

మొదట ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకి ఇప్పటికీ ఆశ్చర్యమే. మూడేళ్ళ కిందట భర్త వెండెల్‌ని పూడ్చిపెట్టిన రోజు, చర్చి కింది గదిలో ఊరంతా వరస కట్టి ఒక్కొక్కరే వచ్చి కౌగిలించుకుంటున్నారు. కాఫీ వాసన, వేయించిన కోడి వాసన, తడిసిన కోట్ల వాసన. వరస తరగటం లేదు. ఎవరి భుజం మీదో తన ముఖం ఉండగా ఉన్నట్టుండి గది చిన్నదైపోయింది, గాలి లేదు, చేతివేళ్ళు మొద్దుబారాయి, ఇప్పుడే ఇక్కడే చచ్చిపోతాను, వెండెల్ పక్కనే ఇంకో గొయ్యి తవ్వాలి అనుకుంది. ఎలా బయటపడిందో గుర్తు లేదు. కారులో కూర్చుని తలుపులు బిగించుకుంటే ఊపిరి వచ్చింది. చర్చి స్నేహితురాలు లవాన్ వెతుక్కుంటూ వచ్చి అద్దం మీద కొట్టింది. "ఏమైందే ఆర్లీన్, పాలిపోయావు." అప్పుడు చెప్పొచ్చు. కానీ చిన్నప్పుడు చూసిన ఎవలీన్ పిన్ని గుర్తొచ్చింది. కొట్లో నలుగురు కనిపిస్తే వణికిపోయే పిన్నిని ఒక పొద్దున పెట్టె సర్ది మిల్లెడ్జ్‌విల్ పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ తరవాత ఆమె పేరెత్తితే పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. పిల్లలు మాత్రం ఎవరితో పోట్లాట వచ్చినా "నిన్ను మిల్లెడ్జ్‌విల్ పంపాలే" అని నవ్వుకునేవాళ్ళు. ఆర్లీన్ కూడా నవ్వింది అప్పుడు. అందుకే అద్దం దించి, "మోకాళ్ళు లవాన్, నిలబడలేకపోయాను" అంది. మోకాళ్ళే ఎందుకంటే ఆ ఇంట్లో ఆ మాట ఎప్పుడూ చేతికి అందేలా ఉండేది. మోకాళ్ళు వెండెల్‌వి. రంపపు మిల్లులో ముప్పై ఏళ్ళు నిలబడి అరిగిపోయిన మోకాళ్ళు. లేస్తే మూలుగు, కూర్చుంటే మూలుగు. "చాల్లే నీ నాటకాలు" అని ఎన్నిసార్లు విసుక్కుంది. ఆయన పోయాక ఆయన చొక్కాలు చర్చికి ఇచ్చేసింది, తుపాకీ అల్లుడికి ఇచ్చింది, నొప్పి మాత్రం తను తీసుకుని వేసుకుంది. అది నాటకమే, ఈసారి.

ఇక ఆ తరవాత ఆగలేదు. ఆదివారం చర్చికి రాకపోతే మోకాళ్ళు. పెళ్ళికి వెళ్ళకపోతే మోకాళ్ళు. బుధవారం సాయంత్రం ప్రార్థనలో లవాన్ లేచి నిలబడి "మన సోదరి ఆర్లీన్ మోకాళ్ళ కోసం" అని పేరు పెట్టి చెబుతుందట, అందరూ తలలు వంచుతారట, వారం తరవాత వారం. బఠాణీలూ కోడిమాంసమూ కలిపి వండిన పళ్ళేలు వాకిట్లోకి వచ్చాయి. అప్పుడు ఒక శనివారం, జులై నెల, చర్చి మగవాళ్ళు ఆరుగురు లారీలో చెక్కలు వేసుకుని దిగారు. ముందు డెరిల్. మెట్లు ఎక్కలేని సోదరికి ర్యాంపు కట్టడానికి. వద్దంటే "మా పుణ్యం చెడగొట్టకు" అన్నారు. సాయంత్రానికి వాకిలి నుంచి కారు దాకా ఏటవాలుగా పచ్చి చెక్క వాసనతో ర్యాంపు తయారైంది, పక్కన పట్టుకోవడానికి నున్నగా చిత్రిక పట్టిన కర్ర. పేళ్ళు గుచ్చుకోకూడదని డెరిల్ ఆ కర్రని అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి చూశాడు. ఆమె వాళ్ళకి గ్లాసుల్లో తియ్యటి టీ పోసి ఇచ్చింది, కుంటుతూ. ఎవరైనా చూస్తుంటే ఆ కర్ర పట్టుకుని దిగుతుంది. ఎవరూ లేనప్పుడు వెనక మెట్లు రెండేసి దిగి, బ్లూబెర్రీ పొదల్లో చీకటి పడే దాకా గొంతుక్కూర్చుని కాయలు కోస్తుంది, ఏ నొప్పీ లేకుండా. ఆ ర్యాంపు వంక చూడదు.

ఇందాక ఇక్కడికి వచ్చినప్పుడు, టేపు దగ్గర కాపలా ఉన్న పెద్దాయన ఆమె వైపు వంగాడు. గీతల చొక్కా, గడ్డి టోపీ, గుండె మీద పేరు బిల్ల. మెర్విన్ అని, దాని కింద బ్యాక్స్‌లీ, జార్జియా అని ఉంది. ఆమె తన ఊరు చెప్పింది. "అల్మానా? అయితే మనం పక్క పక్క వాళ్ళమే" అని ముఖం వెలిగించాడు. పొద్దుటి నుంచీ వంగి ఆమె ముఖంలోకి చూసి మాట్లాడిన మొదటి మనిషి ఆయన. "మోకాళ్ళా చెల్లెమ్మా?" అన్నాడు. ఇంతవరకూ ఇవాళ ఆమె నోటితో ఆ మాట అనాల్సిన పని పడలేదు. కుర్చీయే మాట్లాడింది. "ఆఁ," అంది. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు, "రెండూ" అంది. ఆయన అడగలేదు రెండూనా అని. ఆ ఒక్క మాట ఎందుకు కలిపిందో, ఇప్పుడు గొంతులో చేపముల్లులా అదే గుచ్చుకుంటోంది. "ముందు వరసలో పెడతాను, మన ఊళ్ళవాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో" అని కుర్చీని తనే సర్ది, చక్రాలు కదలకుండా బిగించాడు. అదే చివరి చోటు. ఆ తరవాత గొలుసు తగిలించేశాడు.

దూరంగా డప్పులు మొదలయ్యాయి. హ్యాడ్లీ లేచి గెంతి మళ్ళీ కూర్చుని మళ్ళీ మోకాలు పట్టుకుంది. అప్పుడే గొలుసు దగ్గర మాటలు వినిపించాయి. ఆర్లీన్ తల తిప్పింది. ఒక ఆడమనిషి, చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది, ఆమె ముందు కరెంటుతో నడిచే బరువైన చక్రాల కుర్చీలో పదిహేనేళ్ళ అమ్మాయి. తల పక్కకి వాలిపోకుండా రెండు వైపులా మెత్తలు. మెడలో తుడుచుకునే గుడ్డ, దాని మీద పుట్టినరోజు బిల్ల. యారిట్సా అని పేరు. ఒక చేతి వేళ్ళు మాత్రం డప్పుల మోతకి తగ్గట్టు కదులుతున్నాయి.

"నిండిపోయిందమ్మా" అంటున్నాడు మెర్విన్. "చౌరస్తా అవతల ఇంకోటి ఉంది, కానీ ఈ జనంలో ఇప్పుడు..."

"ముందే వచ్చేవాళ్ళం. పిల్లకి బట్టలు మార్చాల్సి వచ్చింది, ఆ గది చాలా దూరం." ఆమె గొంతులో కోపం లేదు. "ఫరవాలేదులెండి. వెనక నుంచి పాట వినిపిస్తుంది. దానికి పాటంటే ఇష్టం."

ఫరవాలేదులెండి. గొడవ పడితే బాగుండేది. అరిస్తే ఆర్లీన్ కూడా అందరిలాగే నేల వైపు చూసి ఊరుకునేది. ఆమె కుర్చీని వెనక్కి తిప్పుతోంది. ఆ పిల్ల ఇప్పుడు ఏం చూస్తుందో ఆర్లీన్‌కి తెలుసు. పొద్దుటి నుంచీ చూసింది. బెల్టులు చూస్తుంది. జేబులు చూస్తుంది. తను ఒక్క రోజు చూసింది, ఆ పిల్ల ఎప్పుడూ అదే చూస్తుంది, పుట్టినరోజైనా సరే, ఇవాళ కూడా. లేవాలి. లేస్తే క్రిస్టా చూస్తుంది. లేస్తే ర్యాంపు, బుధవారాలు, పళ్ళేలు, అన్నీ ఒక్కసారే లేచి నిలబడతాయి. పైగా టేపు దాటితే జనం. ఆ గోడలాంటి జనంలోకి, ఇంత గాలి వదులుకుని. ఎవరైనా లేస్తారేమో. పక్క కుర్చీలో ముసలాయన ఆక్సిజన్ గొట్టం సర్దుకున్నాడు. ఆ పక్కావిడకి ఒక కాలే లేదు. లేవగలిగింది ఈ గీతల లోపల తనొక్కతే. హ్యాడ్లీ మళ్ళీ వంగి ఉఫ్ అని ఊదింది.

"చెయ్యి తియ్యి తల్లీ" అంది ఆర్లీన్.

లేచింది. మూలగలేదు, తడబడలేదు. కూర్చుని కూర్చుని ఉన్న ఒళ్ళు కదా, ఇరవై ఏళ్ళ పిల్లలా చటుక్కున లేచింది. "ఈ కుర్చీ మడిచేస్తే చోటొస్తుంది, వాళ్ళని రానివ్వండి" అంది మెర్విన్‌తో. ఆయన ఆమె కాళ్ళ వైపు, తరవాత ముఖం వైపు చూశాడు. గొలుసు విప్పాడు. "కుర్చీలో ఉన్న పాపా, ఆ పాపతో ఒకరూ ఉండొచ్చు. మిగతావాళ్ళు బయటికి రావాలి" అన్నాడు. ఈసారి చెల్లెమ్మా అనలేదు.

టేపు వెనక నుంచి ఎవరో మగగొంతు, బీరు తాగిన గొంతు, "హల్లెలూయా. నడిచిందిరోయ్. తరవాత ఏంటి, గుడ్డివాడికి చూపా?" అంది. చుట్టూ నవ్వులు. ఆర్లీన్ తల దించుకుంది. ఆ నవ్వు న్యాయమైనదే. ఇంకో రెండు నవ్వులు నవ్వితే బాకీ కొంచెం తీరేదేమో కూడా. కానీ డెరిల్ అటు తిరిగాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"నోరు మూసుకో. ఆవిడ మూడేళ్ళుగా మెట్టు ఎక్కలేదు. ఇప్పుడు ఎంత నొప్పి ఓర్చుకుని లేచిందో నీకేం తెలుసురా?"

నవ్వులు ఆగిపోయాయి. ఒక ముసలావిడ "అయ్యో తల్లీ" అంది. ఎవరో చప్పట్లు కొట్టారు. యారిట్సా తల్లి లోపలికి వస్తూ ఆర్లీన్ చేతులు రెండూ పట్టుకుంది. "మీ మోకాళ్ళు..." అని ఆ చేతులు తన నుదుటికి ఆనించుకుంది. ఆర్లీన్ చేతులు లాక్కోవాలని చూసింది, ఆమె వదల్లేదు. క్రిస్టా కళ్ళనిండా నీళ్ళు. "అమ్మా, నువ్వు ఎంత..." హ్యాడ్లీ గర్వంగా పక్క కుర్చీ ముసలాయనతో చెబుతోంది, "నేనే ఊదాను, అందుకే లేచింది" అని.

తరవాత టేపు అవతల. మడిచిన కుర్చీనీ హ్యాడ్లీనీ పట్టుకుని క్రిస్టా కాస్త వెనకబడింది. జనం కొంచెం సర్దుకుని చోటిచ్చారు, నొప్పి ఓర్చుకున్న మనిషికి ఇచ్చే చోటు, తరవాత డప్పులు దగ్గరయ్యేసరికి ఆ చోటూ మూసుకుపోయింది. డెరిల్ ఆమె మోచేతి కింద చెయ్యి పెట్టి, ఇంకో చేత్తో నడుము చుట్టూ పట్టుకున్నాడు. "బరువంతా నా మీద వెయ్యి అత్తయ్యా. సిగ్గుపడకు." వెలిగే బండ్లు వస్తున్నాయి కాబోలు, జనం ముఖాల మీద ఎరుపూ ఆకుపచ్చా మారుతున్నాయి. ఆమె ఊరేగింపు చూడటం లేదు. ముందున్నవాడి మెడ మీద ఎండకి కమిలిన చారని చూస్తోంది. గాలి తగ్గుతోంది. వేళ్ళు మొద్దుబారుతున్నాయి. ఇది వస్తుంది, పోతుంది, చావను, ఇంతవరకూ చావలేదు. కానీ బుధవారం వస్తుంది. లవాన్ లేచి నిలబడుతుంది. మన సోదరి ఆర్లీన్ అంత నొప్పిలో లేచి ఒక వికలాంగురాలికి చోటిచ్చింది అని చెబుతుంది, డెరిల్ చెప్పిన మాటే చెబుతుంది, చర్చి అంతా ఆమెన్ అంటుంది. పాస్టరుగారు దాన్ని ఆదివారం ప్రసంగంలో పెడతారు. అబద్ధం ఇన్నాళ్ళూ కుంటుతూ నడిచింది, ఇక రెక్కలు తొడుక్కుంటుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేకపోతుంది.

"డెరిల్."

"ఏం, కూర్చుంటావా?"

"నా మోకాళ్ళకి ఏమీ లేదు."

డప్పుల మోత. అతను చెవి ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు. తేకపోయినా బాగుండేది. "ఏమీ లేదు" అంది మళ్ళీ. "ఎప్పుడూ లేదు. అవి వెండెల్ మోకాళ్ళు. నాకు జనమంటే భయం, డెరిల్. ఊపిరి ఆడదు. చెప్పుకోలేక అలా అన్నాను."

అతను చెవి వెనక్కి తీసుకోలేదు, అలాగే వంగి ఉండిపోయాడు, ఇంకా ఏదో మిగిలి ఉందేమో విందామన్నట్టు. ఆమె దగ్గర ఇంకేమీ లేదు. చివరి బండి దాటిపోయింది కాబోలు, పాట సన్నబడింది. వెంటనే కోట మీద మొదటి పటాసు పేలింది. జనమంతా ఒక్క తలలా పైకి చూశారు. డెరిల్ పైకి చూడలేదు. ఆమె బూట్ల వైపు చూశాడు. అక్కడి నుంచి మోకాళ్ళ వైపు. చాలాసేపు చూశాడు, బండి ఎక్కడ పాడైందో తెలియక ఇంజను వైపు చూసే మనిషిలా.

"మరి ఆ ర్యాంపు?" అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఆమె ఏ జవాబుకైనా సిద్ధపడి ఉండొచ్చు, ఆ ప్రశ్నకి మాత్రం కాదు.  తల ఊపింది, దేనికి ఊపిందో తనకే తెలియదు.

ఇక జనం కదిలారు. ఊరేగింపు చూసినవాళ్ళంతా పటాసుల కోసం కోట వైపు తోసుకుంటూ వస్తున్నారు. నెలల తరబడి డెరిల్ లెక్కలు వేసి తప్పించాలనుకున్న రద్దీ ఇదే. ఈ పాటికి వాళ్ళు పడవ వైపు నడుస్తూ ఉండాలి. అతను ఒకసారి వెనక్కి చూశాడు, ఎటూ దారి లేదు. ఆమెని భుజం పట్టుకుని దుకాణం గోడ వైపు నడిపించి, గోడకి ఆనించి, ఎదురుగా నిలబడి, రెండు అరచేతులూ ఆమెకి అటూ ఇటూ గోడకి ఆనించాడు. వీపుతో జనాన్ని ఆపుతున్నాడు. ఎవరో గుద్దుకుంటే అతను ఊగుతున్నాడు, చేతులు మాత్రం వంగటం లేదు. ఆ చేతుల మధ్య కొంచెం గాలి ఉంది. ఆమె దాన్ని పీల్చుకుంది, మెల్లగా, ఎవరిదో వస్తువు వాడుకుంటున్నట్టు. పొద్దుటి నుంచీ ఎవరి ముఖమూ చూడలేకపోయాను అనుకుంది కదా, ఇప్పుడు ఒక ముఖం జానెడు దూరంలో ఉంది. దాని మీద పటాసుల వెలుగు పడుతోంది, ఆరిపోతోంది, మళ్ళీ పడుతోంది. ఆ ముఖం ఆమె వంక కాదు, ఆమె తల పైన ఉన్న గోడ వంక చూస్తోంది.